చెప్పులు విడవని మాస్టారు

మా దుకాణం గుమ్మం పక్కన ఒక అట్ట వేలాడుతూ ఉంటుంది. ‘దయచేసి చెప్పులతోనే లోపలికి రండి’ అని దాని మీద పెద్ద అక్షరాలతో అచ్చు వేశాను. పలాసలో కంప్యూటరు మీద కార్డులు వేసే దుకాణాలు చాలానే ఉన్నాయి గానీ ఇలాంటి అట్ట ఇంకెక్కడా కనబడదు. వచ్చినవాళ్ళు చదివి నవ్వుకుంటారు. నవ్వుకుని, అలవాటు కొద్దీ చెప్పులు బయటే విడిచి వస్తారు.

మొన్న శుక్రవారం పొద్దున్న ఒకావిడ అలాగే విడిచి వచ్చింది. అట్ట చూపించాను. పర్లేదండి అని కుర్చీలో కూర్చుని, చేతిసంచిలోంచి ఒక ఫోటో తీసి బల్ల మీద పెట్టింది. వాళ్ళ నాన్నగారి జ్ఞాపకార్థ కూడిక ఆదివారం టెక్కలి చర్చిలో. రెండు వందల కార్డులు కావాలి. రోజులు తక్కువున్నాయి.

ఫోటో తిప్పి చూశాను. నున్నగా వెనక్కి దువ్విన జుట్టు. జేబులో రెండు పెన్నులు, ఒకటి ఎర్రసిరాది. ఫోటోగ్రాఫరు నవ్వమంటే నవ్వడం మొదలుపెట్టి, నవ్వితే ఏమవుతుందో అని మధ్యలో ఆగిపోయిన మొహం.

ఎప్పుడు పోయారని అడిగాను. పదిహేను రోజులైందిట. మూడు రోజులు జ్వరమే అనుకున్నారు. నాలుగో రోజు గుండె ఆగింది.

“మీరు నాన్నగార్ని ఎరుగుదురా?” అంది.

ఎరుగుదునని, ఒకే స్కూల్లో పనిచేశామని చెప్పాను. ఆవిడ మొహం వెలిగింది. “అయితే మీకు తెలిసే ఉంటాది. నాన్నకి కంప్యూటరంటే సచ్చే బయం. ఎవరో ఆఫీసరు వచ్చినప్పుడు పాఠం సెప్పమంటే మెయిన్ స్విచ్చి ఆపేసి పారిపోనారట గదా. ఆయన పోయేదాకా మా పిల్లలు ఏడిపించీవోరు, తాతా కంప్యూటరొచ్చింది పరిగెట్టు అని. ఆయనా నవ్వీవోరు.”

నేను నవ్వవలసిన చోట నవ్వలేకపోయాను. అంటే ఇంట్లో కూడా చెప్పలేదన్నమాట. ఇన్నేళ్ళూ, మనవల దగ్గర కూడా. ఆ రోజు ఏం జరిగిందో తెలిసినవాళ్ళం ఇద్దరమే. ఇప్పుడు నేనొక్కడినే మిగిలాను.

ఫోటోని స్కానరు మీద పెట్టాను. పెట్టేముందు స్కానరుని వేళ్ళ వెనకవైపుతో ఒకసారి తాకాను. అది నా అలవాటు అని మా పనివాళ్ళు అనుకుంటారు. నాది కాదు, ఆయనది.

ఉద్దానం తీరంలో ఒక ఊరి హైస్కూలు అది. ఊరి పేరు ఎందుకులెండి. కొబ్బరితోటల చివర, సముద్రం హోరు తరగతి గదిలోకి వినబడేంత దగ్గర. సర్కారు బడులకు కంప్యూటర్లు ఇచ్చిన కొత్తల్లో మా బడికి ఐదు వచ్చాయి. వాటితోపాటు, వాటిని పెట్టిన కంపెనీవాళ్ళ తరఫున, నేనూ వచ్చాను. పిల్లలకు నేర్పడం సగం పని. పాఠాలు చెప్పే మాస్టార్లు తమ తమ పాఠాల్ని కంప్యూటరు మీద చెప్పగలిగేలా చేయడం మిగతా సగం. నిజానికి ఇదే పెద్ద సగం.

నేను ఇంటరుతో ఆగిపోయినవాణ్ణి. ఏ ఇన్‌స్టిట్యూటులోనూ చేరలేదు. మా ఊరి శాఖా గ్రంథాలయంలో కంప్యూటర్ల మీద రెండు తెలుగు పుస్తకాలు, విజ్ఞానశాస్త్రం అరలో ఒక పాతిక పుస్తకాలు ఉండేవి. అన్నీ చదివాను. కొన్ని రెండుసార్లు చదివాను. కంపెనీవాళ్ళు మూడు ప్రశ్నలు అడిగితే మూడింటికీ పేజీతో సహా నాకు జవాబు గుర్తొచ్చింది. సర్టిఫికెట్లు తర్వాత ఇస్తానన్నాను. ఆ ‘తర్వాత’ ఎప్పుడొస్తుందో అన్న భయం రోజూ నాతోపాటే బస్సెక్కేది. ఆ భయం కనబడకుండా ఉండాలని, ఎవరేమడిగినా తెలియదు అనే మాట మాత్రం అనేవాణ్ణి కాదు.

సాయంత్రం బడి వదిలాక మాస్టార్లకు గంటసేపు శిక్షణ. తెలుగు మాస్టారు జాతకాలు వేయడం నేర్పమన్నారు. డ్రిల్లు మాస్టారు పేకాట కనిపెట్టి అక్కడే స్థిరపడ్డారు. లెక్కల మేడమ్ చకచకా నేర్చుకుంది. సోషల్ మాస్టారు మాత్రం, అంటే ఈ ఫోటోలో ఉన్నాయన, మొదటి రోజు గుమ్మం దగ్గరే నిలబడిపోయారు.

గుమ్మం మీద నేను రాయించిన బోర్డు ఉంది: చెప్పులు బయట విడువుము. కంప్యూటర్లకు దుమ్ము శత్రువని పుస్తకంలో చదివాను. అందరూ గుడికొచ్చినట్టు భక్తిగా విడిచి వచ్చారు. ఆయన మాత్రం విడవకుండా లోపలికి వచ్చారు. హెడ్‌మాస్టారు ఊరుకోలేదు. “ఏటి మేస్టారూ, సర్చి కాడ ఇడుస్తారు, ఇక్కడ ఇడవరా?” అన్నారు.

“దేవుడు కొట్టడు గదండీ” అన్నారాయన.

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు.

ఆయన హరిశ్చంద్రపురంలో పాసింజరు ఎక్కి, పలాసలో దిగి, అక్కణ్ణుంచి బస్సులో వచ్చేవారు. చెయ్యి ఎత్తకుండా ఒక్క గీతలో భారతదేశం పటం నల్లబల్ల మీద వేసేవారు. గుజరాత్ దగ్గర మొదలై గుజరాత్ దగ్గరే ముగిసేది. అలాంటి చెయ్యి మౌసు మీదికి వచ్చేసరికి వణికేది. ముందు సుద్దపొడి కడుక్కుని తుడుచుకునేవారు. తర్వాత కుడిచేతి వేళ్ళ వెనకవైపుతో, పిల్లాడికి జ్వరం ఉందేమోనని నుదురు చూసినట్టు, కంప్యూటరు ఇనపపెట్టెని మెల్లగా తాకేవారు. ఏమీ కాలేదని రూఢి చేసుకున్నాకే కూర్చునేవారు. ఇక ప్రతి మీటకీ ఒకటే ప్రశ్న.

“ఇది నొక్కితే ఏటవుతాది బాబూ?”

నొక్కి చూడండి సార్ అనేవాణ్ణి. నొక్కేవారు కాదు. ఏమవుతుందో నేను చెప్పాలి, ఆయన నోటుపుస్తకంలో రాసుకోవాలి, ఆ తర్వాతే నొక్కడం. ఆ నోటుపుస్తకం మొదటి పేజీ ఒకరోజు నేను దొంగచాటుగా చూశాను. ‘ఒకటి: చెప్పులు ఉన్నవా? రెండు: చేయి తడి లేదు కదా? మూడు: వేళ్ళ వెనుకతో తాకి చూడవలెను.’ మౌసు గురించి ఏడో అంకె దాకా లేదు. ఆ పేజీ సంగతి బస్సులో ఒక స్నేహితుడికి చెప్పి కడుపుబ్బ నవ్వించాను.

వానాకాలంలో కంప్యూటరు గది కప్పు కారింది. మిషన్లని పాత సైన్సు గదిలోకి మార్చాం. అక్కడ గోడకున్నవి రెండు కన్నాల పాత సాకెట్లు. మా ప్లగ్గులకు మూడు కాళ్ళు. మూడోది దేనికో నాకు తెలియదు. ఎవరినైనా అడిగితే తెలియదని ఒప్పుకున్నట్టవుతుంది. హెడ్‌మాస్టారు కంగారు పడుతుంటే, నేను రంపపు బ్లేడు తెప్పించి, ఐదు ప్లగ్గులకూ మూడో కాలు కోసేశాను. మిషన్లు వెలిగాయి. హెడ్‌మాస్టారు నా భుజం తట్టారు.

అప్పట్నుంచి పెట్టెలు జిల్లుమనడం మొదలైంది. పిల్లలకు అది ఆట. చాలామందికి చెప్పులే ఉండేవి కావు. వట్టికాళ్ళతో వచ్చి, వేలు పెట్టి, ‘సీమ కుట్టినాది’ అని కేరింతలు కొట్టేవాళ్ళు. సోషల్ మాస్టారి మొహం మాత్రం పాలిపోయింది. మర్నాడు పలాస జీడిపప్పు బట్టీల దగ్గర అడిగి తెచ్చిన నాలుగు పాత గోనెసంచులు భుజానేసుకుని వచ్చి, మిషన్ల ముందు పరిచారు. పిల్లలు వాటి మీదే నిలబడాలన్నారు. గోనె పీచు మిషన్లలోకి పోతుందని నేను తీయించేశాను. మళ్ళీ పరిచారు. మళ్ళీ తీయించాను.

మూడోసారి ఆయనకి పాఠం చెప్పాను. దువ్వెన తలకి రుద్ది కాగితం ముక్కల దగ్గర పెడితే లేచొస్తాయి కదా, ఇదీ అదే, దీన్ని స్థిర విద్యుత్తు అంటారు, ప్రాణానికి ఏమీ కాదు. గ్రంథాలయంలో ఏ అరలో ఏ పుస్తకంలో ఉందో కూడా చెప్పాను. ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పిన మనిషి చేతులు కట్టుకుని నా మాట విన్నారు.

“నువ్వు సదివినోడివి బాబూ, అవుననుకో. గుంటలు, ఈ బడిపిల్లలు, కింద పడితే మరి నువ్వు సెప్పిన పుస్తకం లేపుతాదా?” అన్నారు.

చలికాలంలో కబురొచ్చింది. జిల్లా నుంచి ఆఫీసరు వస్తున్నారు. కంప్యూటరు మీద ఒక మాస్టారు తన పాఠం చెప్పి చూపాలి. చెప్పలేని బళ్ళలో మిషన్లు వృథాగా పడి ఉన్నట్టే కాబట్టి వేరే చోటికి తరలిస్తారు. మిషన్లు పోతే నా ఉద్యోగమూ వాటితోపాటే పోతుంది. లెక్కల మేడమ్ సెలవులో ఉంది. తెలుగు మాస్టారు తప్పుకున్నారు. సోషల్ మాస్టారు మెల్లగా చెయ్యెత్తారు.

నెలన్నర కష్టపడ్డారు. రాష్ట్రాలు ఒక్కొక్కటీ రంగు మారుతూ, నదులు కదులుతున్నట్టు కనబడేలా ఒక పటం తయారుచేశారు. మౌసుతో గోదావరి గీయడానికి ఆయనకి పదకొండు రోజులు పట్టింది. పూర్తయిన రోజు కళ్ళజోడు తీసి తుడుచుకుని, “నల్లబల్ల మీద పారనేదు బాబూ ఇన్నాళ్ళూ” అన్నారు.

ఆఫీసరు వచ్చే రోజు ముసురు. హెడ్‌మాస్టారు తెల్లవారుతూనే గది కడిగించారు. నేను మిషన్లు వెలిగించి పెట్టాక, మట్టి అడుగులు పడ్డాయని ఇంకోసారి కడిగించారు. గచ్చు ఆరలేదు. ఈ ఒక్కరోజుకీ చెప్పులు విడవండి, ఆఫీసరు బోర్డు చూస్తారు అని సోషల్ మాస్టారిని బతిమాలారు. ఆయన విడిచారు. ఆ గదిలో ఆయన వట్టికాళ్ళు చూడటం నాకదే మొదటిసారి.

ఎనిమిదో తరగతి పిల్లలు తొమ్మిదిమంది తలకి నూనె రాసుకుని వరసగా నిలబడ్డారు. మిషన్లకి రెండు అడుగుల దూరంలో ఆయన సుద్దతో గీత గీసి, తాను చెప్పేదాకా దాటొద్దన్నారు. తర్వాత, రోజూలాగే, వేళ్ళ వెనకవైపుతో మొదటి పెట్టెని తాకారు.

చెయ్యి ఎగిరిపడింది. పిల్లలు చూడలేదు, నేను చూశాను.

ఆయన నా దగ్గరకొచ్చి గొంతు తగ్గించారు. “బాబూ, ఈయేల గట్టిగా కొడతంది. సీమ కాదు. తేలు. మిషనాపీసి ముందు సూడు.”

బయట జీపు చప్పుడు వినబడుతోంది. స్థిర విద్యుత్తు సార్, తడికి కాస్త ఎక్కువవుతుంది అన్నాను. తడిలో స్థిర విద్యుత్తు నిలవదని అదే పుస్తకంలో తర్వాతి పేజీలోనే ఉంది. ఆ పేజీ కూడా నేను చదివాను.

ఆఫీసరు బూట్లతోనే లోపలికి వచ్చారు. ఆయన్ని విడవమని ఎవరంటారు? మొదలుపెట్టండి మాస్టారూ అన్నారు. సోషల్ మాస్టారు కదల్లేదు. మిషను సరిగ్గా లేనట్టుందండి అన్నారు.

ఆఫీసరు నా వైపు తిరిగారు. “ఏమయ్యా, నువ్వే కదా ఇన్‌స్ట్రక్టరు? లోపం ఏమైనా ఉందా?”

హెడ్‌మాస్టారు నన్నే చూస్తున్నారు. పిల్లలూ నన్నే చూస్తున్నారు. కోసేసిన మూడో కాళ్ళు ఐదూ నా కళ్ళ ముందు ఆడాయి. లోపం ఉందంటే ఏ లోపం అంటారు. ఎవరు చేశారంటారు. ఏం చదువుకున్నావంటారు.

“ఏమీ లేదు సార్. అంతా బాగానే ఉంది.”

సోషల్ మాస్టారు నన్ను ఒక్కసారి చూశారు. కోపంగా కాదు. హోంవర్కు చేశాననే పిల్లాడిని, చెయ్యలేదని తెలిసి కూడా చూస్తామే, అలా. తర్వాత ఆఫీసరుతో అన్నారు: “మిషను కాదండి. నాకే బయమండి.”

పిల్లల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఆఫీసరు కూడా నవ్వి, బూట్లు టకటకలాడిస్తూ వెళ్ళి, పెట్టె మీద అరచేత్తో చరిచారు. ఏమీ కాలేదు. “చూశారా మాస్టారూ, కరిచిందా?” అన్నారు. గది గదంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు నాకు బాగా గుర్తు.

ఆఫీసరు వరసలో మొదటి పిల్లని పిలిచారు. చేపలు పట్టేవాళ్ళ పిల్ల. “రామ్మా, మీ మాస్టారికి ధైర్యం చెబుదాం. నువ్వు పెట్టు చెయ్యి.”

ఆ పిల్ల సుద్దగీత దాటింది. తడిగచ్చు మీద వట్టిపాదం పడింది. చెయ్యి చాపింది.

అరవైకి దగ్గరపడ్డ మనిషి అలా గెంతగలడని నేననుకోలేదు. మూడు అంగల్లో తలుపు పక్కకి చేరి, చొక్కా అంచు చుట్టిన చేత్తో మెయిన్ కిందికి లాగేశారు. తెరలు ఆరిపోయాయి. పంకాలు ఆగాయి. ఆ నిశ్శబ్దంలో సముద్రం ఒక్కటే వినబడింది. ఆయన ఎవరి మొహమూ చూడకుండా బయటికి వెళ్ళిపోయారు. పారిపోయారు అని లోకం చెప్పుకున్నది ఇదే.

ఆఫీసరు సందర్శకుల పుస్తకంలో ఏదో రాశారు. ఆ మాస్టారిని కంప్యూటరు పని నుంచి తప్పించి, లెక్కల మేడమ్‌కి అప్పగించి, నెలలోగా మళ్ళీ చూపించమన్నారు. మిషన్లు ఉంటాయి. నేనూ ఉంటాను. హెడ్‌మాస్టారు ఆఫీసరుని కొబ్బరిబోండాలకి తీసుకెళ్ళారు.

గదిలో నేనొక్కణ్ణే మిగిలాను. నాకు ఒళ్ళు మండిపోతోంది. ముసలాయన నన్ను ముంచబోయాడనే అనుకున్నాను. మెయిన్ వేశాను. ఆయన్ని వెక్కిరించాలని, తడిగచ్చు మీద వట్టికాళ్ళతో, అచ్చం ఆయనలాగే మెడ వంచి, వేళ్ళ వెనకవైపుతో పెట్టెని తాకాను.

తర్వాత నేను గోడ పక్కన కూర్చుని ఉన్నాను. ఎలా వచ్చి పడ్డానో తెలియదు. కుడిచెయ్యి నాది కానట్టుంది. వెక్కిరింపుకి వేళ్ళు మడిచాను కాబట్టి కండరాలు ముడుచుకుని చెయ్యి వెనక్కి ఎగిరింది. అరచెయ్యి పెట్టి ఉంటే పట్టుకునే ఉండిపోయేది. ఆ పిల్ల చాపింది అరచెయ్యే.

గుమ్మంలో ఆయన నిలబడి ఉన్నారు, చెప్పులు తొడుక్కుని. మెయిన్ మళ్ళీ ఆగి ఉంది. ఆయన ఇది నా తప్పని గానీ, చెప్పాను కదా అని గానీ అనలేదు.

“గుంటలెవులూ మళ్ళీ రానేదు గదా? ముట్టనేదు గదా?” అన్నారు. లేదని తల ఊపాను. అప్పుడు పక్కన కూర్చుని, వేళ్ళ వెనకవైపుతో నా నుదురు తాకి చూశారు.

బల్ల వెనక, ఉప్పుగాలికి తొడుగు పగిలిన తీగ ఇనపబల్ల కాలికి ఆనుకుని ఉంది. నేను కోసిన మూడో కాలు, దాన్ని నేలకి కలిపే తీగ ఉండి ఉంటే ఆ కరెంటు భూమిలోకి పోయేది. ఆ ఆదివారం గ్రంథాలయంలో ఇళ్ళ వైరింగు పుస్తకం తీశాను. ఇన్నేళ్ళూ అది మేస్త్రీల పుస్తకమని నేను ముట్టలేదు.

గది వెనక మేమిద్దరమే, కరెంటు భూమిలోకి పోయేందుకు, ఎర్తు గొయ్యి తవ్వాం. ఆయన నౌపడ ఉప్పుమడుల నుంచి ఒక బస్తా ఉప్పు తెచ్చారు. నేను బొగ్గులు తెచ్చాను. వరస ఉప్పు, వరస బొగ్గు, మధ్యలో పైపు. తవ్వుతూ తవ్వుతూ, అడక్కుండానే ఆయన చెప్పారు. ఒకప్పుడు తుపాను వెలిసిన మర్నాడు ఒక కుర్రాణ్ణి వెంటబెట్టుకుని కొబ్బరితోటలో నడుస్తున్నారు. నీళ్ళలో తెగిన తీగ ఉంది. ఇద్దరూ ఒకే నీళ్ళలో కాలు పెట్టారు.

“నాకు సెప్పులున్నాయి బాబూ. ఆడికి నేవు.”

మళ్ళీ పార అందుకున్నారు. నా తప్పని ఆఫీసరుకి ఎందుకు చెప్పలేదని అడిగాను.

“నీ మాట పోతే ఈ గుంటలకి మిషనెవులు సెప్తారు? నా మాట పోతే ఏటవుతాది?”

అది ఆయన ఎప్పుడూ అడిగే ప్రశ్నే.

గొయ్యి ఎండితే పనిచేయదు. రోజూ పొద్దున్న ప్రార్థన గంటకి ముందు ఆయనే చెంబెడు నీళ్ళు పోసేవారు. కొత్త సాకెట్లు, కొత్త ప్లగ్గులు వేయించాక, ఒక మధ్యాహ్నం, ఏ ఆఫీసరూ లేకుండా, ఎనిమిదో తరగతికి ఆ గోదావరి పాఠం చెప్పారు. పిల్లలు గోనెల మీద నిలబడ్డారు. బోర్డు నేనే పీకేశాను. భయం పోయిందా సార్ అంటే, “పోనేదు. పక్కన కూకుంది” అన్నారు.

హెడ్‌మాస్టారికి మాత్రం, గొయ్యి ఉంటే మిషన్లకి మంచిదని పుస్తకంలో ఉందనే చెప్పాను. మిగతాది చెప్పలేదు. రేపు చెబుదామనుకుంటూ సోషల్ మాస్టారు రిటైరయ్యేదాకా ఉన్నాను. ఆ తర్వాత నా కంట్రాక్టు అయిపోయింది, దుకాణం పెట్టాను, అట్ట వేలాడదీశాను. అట్ట వేలాడదీస్తే చెప్పినట్టే అనుకున్నాను.

స్కానరు వెలుగు ఆయన మొహం మీదుగా పాకి ఆగింది. తెర మీద ఆయన వచ్చారు. ఆవిడ ఇంకా చిరునవ్వుతోనే ఉంది. కార్డు మీద బైబిలు వాక్యం కింద ఏదైనా నాలుగు మాటలు వేద్దామండీ, మీరు చదువుకున్నోళ్ళలా ఉన్నారు, మీరే రాయండి అంది.

కంప్యూటరు ఆపేసి, ఫోటో తీసి బల్ల మీద పెట్టాను. ఆవిడ వైపు తిరిగి మొత్తం చెప్పాను. మూడో కాలు దగ్గర్నుంచి. ‘అంతా బాగానే ఉంది సార్’ అన్నదీ, నవ్వినదీ కూడా వదల్లేదు. చెబుతున్నంతసేపూ ఆవిడ మొహం చూడలేదు, ఫోటోనే చూశాను.

అయిపోయాక ఆవిడ చేతిసంచి సర్దుకుంది. కుర్చీలోంచి లేచింది. ఫోటో తీసుకోలేదు. గుమ్మం దాటి బయటికి వెళ్ళిపోయింది. నేను పిలవలేదు. వెళ్ళనీ, వెళ్ళడమే న్యాయం అనుకున్నాను.

బయట వంగి చెప్పులు తొడుక్కుంది. తొడుక్కుని, వాటితోనే మళ్ళీ లోపలికి వచ్చి, కుర్చీలో కూర్చుంది.